ఫ్లషింగ్ మెడోస్: బూడిద దిబ్బ పార్కు అయిన కథ

న్యూయార్కు ప్రాంతంలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఫ్లషింగ్ పేరు తెలియని ఇల్లు ఉండదు. బౌన్ స్ట్రీట్‌లోని గణపతి ఆలయానికి 1977 జులై 4న కుంభాభిషేకం జరిగింది. అప్పటి నుంచీ కొత్త కారు పూజకో, పిల్లవాడి అక్షరాభ్యాసానికో మనవాళ్ళంతా ఆ దారి పట్టినవారే. ఆ దారిలో గ్రాండ్ సెంట్రల్ పార్క్‌వే మీద వెళుతుంటే చెట్ల మీదుగా పెద్ద ఉక్కు భూగోళం కనిపిస్తుంది. అదేమిటని పిల్లలు అడుగుతారు. ఎప్పుడో జరిగిన వరల్డ్ ఫెయిర్‌లో పెట్టిన గ్లోబు అని చెప్పి, ఎగ్జిట్ దాటిపోకుండా చూసుకోవడంలో పడిపోతాం. పిల్లలకు చెప్పవలసింది అంతకంటె చాలా ఉంది. అందుకే ఈ నెల ఆ భూగోళం నిలబడిన ఫ్లషింగ్ మెడోస్ కరోనా పార్కు చరిత్రను మన పాఠకుల ముందు పెడుతున్నాము.

ఇప్పుడే చెప్పడానికి మరొక కారణం కూడా ఉంది. ఈ పార్కు కిందికి వచ్చే సుమారు 50 ఎకరాల్లో జూదశాల, హోటలు కట్టుకోవడానికి దారి ఇస్తూ 2025లో న్యూయార్కు రాష్ట్ర చట్టసభ చట్టం చేసింది. ‘అదేం పార్కండీ, ఉత్త కార్లు నిలిపే చోటే గదా’ అన్నవారున్నారు. ‘కార్లు నిలిపినా పార్కు పార్కే’ అన్నవారూ ఉన్నారు. ఈ తగవు అర్థం కావాలంటే ఆ నేల పుట్టుపూర్వోత్తరాలు కొంత తెలియాలి.

చిత్తడి నేల, బూడిద కొండ

ఫ్లషింగ్ క్రీక్ అనే వాగు సముద్రపు పాయలో కలిసే చోట, ఆటుపోట్లకు మునుగుతూ తేలుతూ, ఉప్పుగడ్డి మొలిచే చిత్తడి నేల ఇది. పేరులోని మెడోస్ అన్న మాట ఆ గడ్డిని బట్టి వచ్చిందే. కృష్ణా గోదావరుల చివర సముద్రం ఒడ్డు భూములను చూసినవారికి ఈ నేల ఎలా ఉండేదో ఊహించుకోవడం కష్టం కాదు.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బ్రూక్లిన్ ఇళ్ళల్లో పొయ్యిలూ, ఇల్లు వెచ్చబెట్టే కొలుములూ బొగ్గుతో నడిచేవి. రోజూ దిగే బూడిదను ఎక్కడో పారబోయాలి గదా! బ్రూక్లిన్ యాష్ రిమూవల్ కంపెనీ అనే సంస్థ ఆ బూడిదనూ చెత్తనూ రైలు పెట్టెల కెత్తి తెచ్చి ఈ చిత్తడిలో కుమ్మరించేది. దాని యజమాని జాన్ మెకార్తీకి రాజకీయ నాయకుల అండ ఉండేది. పాతికేళ్ళు ఇలా సాగేసరికి ఒక గుట్ట 90 అడుగుల ఎత్తు దాకా లేచింది. పక్కనున్న కరోనా పేటలో ఎక్కువగా వలస వచ్చిన ఇటాలియను కుటుంబాలు ఉండేవి. ఆ జనం ఆ గుట్టకు ‘మౌంట్ కరోనా’ అని వేళాకోళంగా పేరు పెట్టారు. స్కాట్ ఫిట్జెరాల్డ్ 1925లో వెలువరించిన ‘ది గ్రేట్ గాట్స్‌బీ’ నవలలో, ధనవంతుల భవంతులకూ మాన్‌హాటన్‌కూ నడుమ కనిపించే బూడిద ప్రదేశానికి మూలం ఇదే.

ఒక సంగతి గమనించాలి. ఊరిలో అక్కరలేనిదంతా వలసవాళ్ళ ఇళ్ళ పక్కన పోస్తే అడిగే నాథుడు లేకపోయాడు. ఈ నేలను ‘ఖాళీ స్థలం’గా చూసే అలవాటు అప్పటి నుంచీ మొదలైంది.

మొదటి ఎగ్జిబిషన్

1934లో రాబర్ట్ మోజెస్ న్యూయార్కు నగర పార్కుల కమిషనర్ అయ్యాడు. ఎన్నికల్లో గెలిచి వచ్చిన మనిషి కాడు. నియామకపు పదవుల మీదనే నగరమంతా రోడ్లూ వంతెనలూ పార్కులూ కట్టించి, ఎందరినో ఇళ్ళలోంచి కదిలించి, పొగడ్తా తిట్టూ సమానంగా సంపాదించుకున్నాడు. ఈ బూడిద దిబ్బ మీద ఆయన కన్ను ముందే పడింది. 1935లో నగరంలోని వ్యాపార ప్రముఖులు వరల్డ్ ఫెయిర్ పెడదామని ముందుకు రాగానే, పెడితే ఫ్లషింగులోనే పెట్టండి అన్నాడు. ఎగ్జిబిషన్ రెండేళ్ళ ముచ్చట, ఆ తరువాత మిగిలే పార్కు శాశ్వతం అన్నది ఆయన లెక్క.

1936 జూనులో పని మొదలైంది. బూడిద గుట్టలను చదును చేశారు. వాగులో కొంత భాగాన్ని భూమి కింది గొట్టాల్లోకి మళ్ళించారు. మెడో లేక్, విల్లో లేక్ అని రెండు చెరువులు తవ్వారు. 1,216 ఎకరాల్లో ఎగ్జిబిషన్ వెలిసింది. మన నాంపల్లి ఎగ్జిబిషన్‌కు అలవాటుపడిన కళ్ళకు ఆ విస్తీర్ణం ఊహకు అందడమే కష్టం. 610 అడుగుల ట్రైలాన్ అనే మొనదేలిన స్తంభమూ, దాని పక్కన 180 అడుగుల వ్యాసంతో పెరిస్ఫియర్ అనే గోళమూ దానికి గుర్తులు. జార్జి వాషింగ్టన్ మొదటిసారి అధ్యక్ష పదవీ ప్రమాణం చేసి 150 ఏళ్ళు నిండిన రోజున, 1939 ఏప్రిల్ 30న, రూజ్‌వెల్ట్ ప్రారంభోపన్యాసం చేశాడు. ఆనాటి ఉత్సవాన్ని టెలివిజన్‌లో ప్రసారం చేశారు. ఈ దేశంలో క్రమం తప్పని టెలివిజన్ ప్రసారాలు ఆ రోజుతోనే మొదలయ్యాయి.

రెండు సీజన్లలో దాదాపు నాలుగున్నర కోట్ల మంది వచ్చారు. అయినా డబ్బు రాలేదు. నడుమ యుద్ధం వచ్చి పడింది. 1940 అక్టోబరులో మూసివేసేనాటికి, ప్రదర్శనశాలలు కట్టుకున్న దేశాల్లో కొన్ని శత్రువుల చేతుల్లో ఉన్నాయి. ట్రైలాన్, పెరిస్ఫియర్ల ఉక్కును విప్పి యుద్ధసామగ్రికి పంపారు. లాభాల సొమ్ముతో పార్కు కట్టాలనుకున్న మోజెస్‌కు లాభమే మిగలలేదు. పార్కు సగంలో నిలిచిపోయింది.

పార్కులో ప్రపంచ సభ

మనలో చాలామందికి తెలియని ఘట్టం ఇక్కడ ఉంది. 1939 ఫెయిర్‌లో న్యూయార్కు నగరం తనకోసం కట్టుకున్న భవనం కూల్చకుండా మిగిలింది. ఐక్యరాజ్య సమితికి అప్పటికి సొంత ఇల్లు లేదు. 1946 నుంచి 1950 దాకా దాని సర్వసభ్య సభ న్యూయార్కులో కూర్చున్నప్పుడల్లా ఈ పార్కులోని ఆ భవనంలోనే కూర్చుంది. 1946 అక్టోబరు 23న అధ్యక్షుడు ట్రూమన్ వచ్చి అక్కడి మొదటి సమావేశంలో ప్రసంగించాడు.

ఆ సమావేశాల్లోనే దక్షిణాఫ్రికాలోని భారతీయుల సమస్య సభ ముందుకు వచ్చింది. మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబరులో డర్బన్ చేరింది మొదలు, చెరకు తోటల కూలీలుగా నాటాల్ వెళ్ళినవారిలో విశాఖపట్నం, గంజాం జిల్లాల తెలుగువారు ఎందరో ఉన్నారు. వారి మనుమల కాలంలో, 1946లో, భారతీయులు ఎక్కడ భూమి కొనవచ్చునో ఎక్కడ ఉండవచ్చునో గీతలు గీస్తూ అక్కడి ప్రభుత్వం చట్టం చేసింది. డర్బన్‌లో సత్యాగ్రహం మొదలైంది. ఫ్లషింగు సభలో ఆ ఫిర్యాదు వినిపించినది విజయలక్ష్మీ పండిట్. ఎదుట నిలిచినవాడు దక్షిణాఫ్రికా ప్రధాని జనరల్ స్మట్స్, ఆ సమితి నియమావళి రచనలో పాలుపంచుకున్న పెద్దమనిషి. భారతదేశానికి స్వాతంత్ర్యం ఇంకా ఎనిమిది నెలల దూరంలో ఉంది. డిసెంబరు 8న ఓట్లు తీసుకుంటే అనుకూలం 32, వ్యతిరేకం 15, తటస్థం 7. మూడింట రెండు వంతుల మెజారిటీ కావలసి ఉండగా, తక్కువ తేడాతో తీర్మానం నెగ్గింది. దక్షిణాఫ్రికా దాన్ని లక్ష్యపెట్టలేదన్నది వేరే సంగతి. జాతివివక్ష ఒక దేశపు ఇంటి వ్యవహారం కాదని ప్రపంచ సభలో తొలిసారి తేలింది మాత్రం ఈ పార్కులోనే.

మరి మూడు రోజులకు, డిసెంబరు 11న, యునిసెఫ్ పుట్టింది ఇక్కడే. 1947 సెప్టెంబరు 30న పాకిస్తాన్‌ను సభ్యదేశంగా చేర్చుకున్నదీ, అదే నవంబరు 29న పాలస్తీనా విభజన తీర్మానానికి ఓటు వేసినదీ ఇక్కడే. ఆ ఓటింగులో భారతదేశం వ్యతిరేకంగా నిలిచింది. సమితి శాశ్వత నివాసం కూడా ఫ్లషింగులోనే కట్టించాలని మోజెస్ తాపత్రయపడ్డాడు గానీ, రాక్‌ఫెల్లర్ మాన్‌హాటన్‌లో స్థలానికి 85 లక్షల డాలర్లు ఇవ్వడంతో అది తప్పిపోయింది.

ఆ భవనం ఇప్పుడు క్వీన్స్ మ్యూజియం. 1972 నుంచి అక్కడ మ్యూజియం నడుస్తోంది. రెండవ ఫెయిర్ కోసం తయారు చేసిన న్యూయార్కు నగరం నమూనా లోపల ఉంది. నగరంలోని ఇళ్ళూ వంతెనలూ అన్నీ కలిపి దాదాపు 9 లక్షల చిన్న బొమ్మలు, 9,335 చదరపుటడుగుల మేర పరచి ఉన్నాయి. పిల్లలను తీసుకువెళ్ళి మీ వీధి ఎక్కడుందో వెతకమనండి, ఒక మధ్యాహ్నం ఇట్టే గడిచిపోతుంది.

రెండవ ఎగ్జిబిషన్, మన రాక

1964, 1965 సంవత్సరాల్లో అదే చోట మళ్ళీ వరల్డ్ ఫెయిర్ జరిగింది. నడిపినవాడు మళ్ళీ మోజెస్సే. అంతర్జాతీయ ప్రదర్శనల సంస్థ నియమాలను ఆయన ఖాతరు చేయకపోవడంతో, ఐరోపాలోని పెద్ద దేశాలు చాలావరకు దూరంగా ఉన్నాయి. ఆసియా ఆఫ్రికాల్లోని కొత్త దేశాలు ఉత్సాహంగా వచ్చాయి. భారతదేశమూ ప్రదర్శనశాల కట్టింది. మనం దారిలో చూసే భూగోళం, యూనిస్ఫియర్, అప్పటిదే. 140 అడుగుల ఎత్తు, సుమారు 7 లక్షల పౌన్ల బరువు, అంతా స్టెయిన్‌లెస్ స్టీలు.

ఫెయిర్ 1965 అక్టోబరు 17న ముగిసింది. దానికి సరిగ్గా రెండు వారాల ముందు, అక్టోబరు 3న, అధ్యక్షుడు జాన్సన్ కొత్త వలస చట్టం మీద సంతకం చేశాడు. డాక్టర్లుగా, ఇంజనీర్లుగా మనవాళ్ళు ఈ దేశానికి రావడానికి తలుపు తీసిన చట్టం అదే. కొరియా, చైనా, కొలంబియా, ఈక్వడార్ దేశాలవారు, మనవారు వచ్చి క్వీన్స్‌లో దిగారు. నేడు క్వీన్స్ జనాభాలో దాదాపు సగం మంది పరదేశంలో పుట్టినవారే. ఎగ్జిబిషన్‌లో ప్రపంచం రెండేళ్ళు మాత్రం ఉండి వెళ్ళిపోయింది. ఆ తరువాత వచ్చిన ప్రపంచం ఇళ్ళు కొనుక్కుని ఉండిపోయింది.

రెండవ ఫెయిర్‌కు 5 కోట్ల పైచిలుకు జనం వచ్చినా నష్టమే మిగిలింది. మోజెస్ అనుకున్నంత పెద్ద పార్కు ఈసారీ సాధ్యపడలేదు. అయితే 1967 జూన్ 3న స్థలాన్ని నగర పార్కుల శాఖకు లాంఛనంగా తిరిగి అప్పగించారు. మరుసటి ఏడాది జంతుప్రదర్శనశాల తెరిచారు. అప్పటి సైన్సు మ్యూజియం నేటికీ నడుస్తోంది. మూడు పెద్ద రోడ్లు చుట్టూ కోటగోడల్లా ఉండి, కాలినడకన వచ్చేవారికి దారి కష్టం చేశాయి. లోపల మాత్రం దాదాపు 900 ఎకరాల ఆకాశం మిగిలింది. విస్తీర్ణంలో ఇది సెంట్రల్ పార్కు కంటె పెద్దది.

బేస్‌బాల్, టెన్నిస్

ఇక ఆటస్థలాల సంగతి. 1950లలో బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టు యజమాని వాల్టర్ ఒమాలీ బ్రూక్లిన్‌లో కొత్త స్టేడియానికి స్థలం అడిగితే, ఫ్లషింగులో ఇస్తానన్నాడు మోజెస్. ఒమాలీ ఒప్పుకోలేదు. 1957 సీజను ముగియగానే జట్టును లాస్ ఏంజిలిస్‌కు తీసుకుపోయాడు. ఆ లోటు తీర్చడానికి పుట్టిన జట్టు మెట్స్. వారికోసం పార్కు స్థలంలోనే నగరం షే స్టేడియం కట్టింది. పార్కు స్థలంలో స్టేడియం కట్టాలంటే రాష్ట్ర చట్టసభ అనుమతి కావాలి. అందుకని 1961లో ఒక చట్టం చేశారు. ఈ 1961 చట్టాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి, ముందు దీనితో పని పడుతుంది.

షే స్టేడియం 1964 ఏప్రిల్ 17న తెరిచారు. 1965 ఆగస్టు 15న బీటిల్స్ పాడితే 55 వేల మందికి పైగా వచ్చారు. 1979 అక్టోబరులో పోపు జాన్ పాల్ వచ్చాడు. మెట్స్ జట్టు 1969లోనూ 1986లోనూ వరల్డ్ సిరీస్ గెలిచింది. 2008 సీజను తరువాత ఆ స్టేడియాన్ని కూల్చి, పక్కనే కట్టిన సిటీ ఫీల్డ్‌ను 2009లో ప్రారంభించారు. షే ఉన్న చోటు పార్కింగ్ స్థలంగా మారింది.

టెన్నిస్ కథ ఇంకొక రకం. అమెరికా జాతీయ టెన్నిస్ పోటీలు ఎన్నో ఏళ్ళుగా ఫారెస్ట్ హిల్స్‌లో ఒక ప్రైవేటు క్లబ్బులో జరిగేవి. 1977లో అమెరికా టెన్నిస్ సంఘం అధ్యక్షుడు స్లూ హెస్టర్ విమానంలోంచి కిందికి చూస్తే, మంచు కప్పిన పార్కులో ఒక స్టేడియం కనిపించింది. అది రెండవ ఫెయిర్‌కు సింగర్ కుట్టుమిషన్ల కంపెనీ ఇచ్చిన సింగర్ బౌల్. కరోనాలో నివసించి 1971లో కన్నుమూసిన సంగీతకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పేరు అప్పటికే దానికి పెట్టి ఉన్నారు. హెస్టర్ నగరంతో మాట్లాడి, ఏడాది లోపలే కట్టడం పూర్తి చేయించి, 1978 ఆగస్టులో యు.ఎస్. ఓపెన్‌ను ఇక్కడికి తెచ్చాడు.

సభ్యులకు మాత్రమే తెరుచుకునే క్లబ్బులోంచి ప్రజల పార్కులోకి ఆ ఆట వచ్చింది. ఓపెన్ జరిగే రోజులూ, మరికొన్ని పోటీల రోజులూ పోను మిగతా కాలంలో ఎవరైనా డబ్బు కట్టి అక్కడి కోర్టుల్లో ఆడుకోవచ్చు. అక్కడ పెట్టిన రెండు పేర్లు కూడా తగినవే. 1997లో తెరిచిన పెద్ద స్టేడియానికి ఆర్థర్ ఆష్ పేరు పెట్టారు. రిచ్‌మండ్‌లో నల్లవారికి కేటాయించిన పార్కుకు ఆయన తండ్రి కాపలాదారు. ఆ పార్కు కోర్టుల్లోనే ఆష్ ఆట నేర్చుకున్నాడు. తెల్లవారి కోర్టుల్లో అడుగుపెట్టనివ్వని రోజులవి. 2006లో మొత్తం టెన్నిస్ కేంద్రానికి బిల్లీ జీన్ కింగ్ పేరు పెట్టారు. ఆమె కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో ప్రజల పార్కుల్లో ఆట నేర్చుకున్న మనిషి. ఊరి పార్కు లేకపోతే ఈ ఇద్దరు ఛాంపియన్లూ లేరు.

మన హైదరాబాదు అమ్మాయి సానియా మీర్జా 2005లో నాలుగో రౌండు దాకా వెళ్ళింది ఇక్కడే. 2014లో బ్రూనో సోరెస్‌తో కలిసి మిక్స్‌డ్ డబుల్స్, 2015లో మార్టీనా హింగిస్‌తో కలిసి మహిళల డబుల్స్ గెలిచిందీ ఇక్కడే.

నేల తన పాత సంగతి మరిచిపోలేదు. ఆర్థర్ ఆష్ స్టేడియానికి పైకప్పు వేయాలనుకుంటే, బూడిద మీద కట్టిన కట్టడం ఆ బరువు మోయలేదని తేలింది. చివరికి స్టేడియంతో సంబంధం లేకుండా, వేరే ఉక్కు స్తంభాలను లోతైన పునాదుల మీద నిలిపి, 2016కు కప్పు పూర్తి చేశారు. టెన్నిస్ సంఘానికి అంత ఖర్చు పెట్టగల శక్తి ఉంది. అటుపక్క మామూలు జనం ఆడుకునే మైదానాల్లో గట్టి వాన పడితే నీళ్ళు ఇంకక రోజుల తరబడి మడుగులు కడతాయి.

టికెట్టు లేని ఆటలు

పార్కును నిజంగా వాడుకునేవారు ఈ మామూలు జనమే. వేసవి ఆదివారం వెళ్ళి చూడండి. లాటిన్ అమెరికా దేశాలవారు సాకర్ ఆడుతుంటారు. ఈక్వడార్ వారు ఎత్తుగా వల కట్టి, జట్టుకు ముగ్గురు చొప్పున తమ పద్ధతి వాలీబాల్ ఆడుతుంటారు. మెడో లేక్‌లో ఆగస్టులో చైనా పద్ధతి డ్రాగన్ పడవల పందేలు జరుగుతాయి. కరీబియన్ దీవులవారూ మన ఉపఖండంవారూ క్రికెట్ ఆడతారు. 2008లో న్యూయార్కు ప్రభుత్వ హైస్కూళ్ళు క్రికెట్‌ను పోటీ ఆటగా చేర్చుకున్నాయి. ఈ దేశంలో అలా చేర్చుకున్న మొదటి ప్రభుత్వ పాఠశాలల వ్యవస్థ అదే. ఇలాంటి పార్కుల్లో ఆడిన మన పిల్లల వల్లనే అది సాధ్యమైంది.

2012లో, ఈ పార్కు నడుమ సుమారు 10 ఎకరాలు తీసుకుని ప్రొఫెషనల్ సాకర్ స్టేడియం కట్టాలని మేజర్ లీగ్ సాకర్ ప్రతిపాదించింది. సాకర్ అంటే ప్రాణమిచ్చే పేటలు గదా, ఎగిరి గంతేస్తారనుకున్నారు. చుట్టుపక్కల సంఘాలు, గుళ్ళూ చర్చీల పెద్దలు, స్వయంగా సాకర్ ఆడేవారిలో కొందరు కూడా వద్దన్నారు. టికెట్టు కొని చూసే ఆట కోసం తాము ఉచితంగా ఆడుకునే చోటు పోగొట్టుకోవడం వారికి నచ్చలేదు. 2013లో ఆ ఆలోచన విరమించారు. ఇప్పుడు న్యూయార్కు సిటీ జట్టుకు 25 వేల సీట్ల స్టేడియం పార్కు సరిహద్దుకు అవతల, విల్లెట్స్ పాయింట్‌లో కడుతున్నారు. 2027లో తెరవాలని సంకల్పం. స్టేడియమూ వస్తోంది, పార్కూ మిగిలింది.

క్రికెట్ విషయంలోనూ ఇలాంటిదే మరో పార్కులో జరిగింది. 2024 ట్వంటీ-20 ప్రపంచ కప్పు కోసం బ్రాంక్స్‌లోని వాన్ కోర్ట్‌లాండ్ పార్కులో 34 వేల సీట్ల తాత్కాలిక స్టేడియం పెడతామని 2023లో ప్రతిపాదన వచ్చింది. అక్కడ దశాబ్దాలుగా ఆడుతున్న క్రికెట్ క్లబ్బులవారే అడ్డుపడ్డారు. ప్రపంచ కప్పు వద్దని కాదు, తమ సీజను ఏమైపోతుందని వారి ప్రశ్న. చివరికి నాసో కౌంటీలోని ఐసన్‌హోవర్ పార్కులో స్టేడియం వేశారు. జూన్ 9న భారత జట్టు 119 పరుగులే చేసి కూడా పాకిస్తాన్‌ను 6 పరుగుల తేడాతో ఓడించింది అక్కడే. పోటీలు కాగానే స్టేడియం విప్పేశారు.

కార్లు నిలిపినా పార్కే

ఇక మొదట్లో చెప్పిన తగవుకు వద్దాము. మన ఊళ్ళల్లో దేవుడి మాన్యం అంటే అందరికీ తెలుసు. ధర్మకర్తలు దాన్ని చూసుకోవచ్చును గానీ తమ ఇష్టం వచ్చినట్టు అమ్ముకోవడానికి వీల్లేదు. న్యూయార్కు చట్టంలో పార్కు భూమి స్థితి ఇంచుమించు అదే. నగరం ధర్మకర్త మాత్రమే, అసలు హక్కుదారులు ప్రజలు. పార్కును మరొక పనికి వాడాలంటే రాష్ట్ర చట్టసభ ఆ పనిని స్పష్టంగా పేర్కొంటూ అనుమతించాలి. మేయరు సంతకం ఒక్కటి చాలదు.

షే స్టేడియం స్థలంలో పెద్ద షాపింగ్ మాల్ కట్టాలని 2012లో ఒక పథకం వచ్చింది. 1961 చట్టమే అనుమతి, వేరే ఏమీ అక్కరలేదు అన్నారు కట్టేవారు. రాష్ట్ర సెనేటర్ టోనీ అవెల్లాతో కలిసి కొందరు పౌరులూ సంఘాలూ కోర్టుకు వెళ్ళారు. 2017 జూన్‌లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం తీర్పు చెప్పింది. 1961 నాటి చట్టం స్టేడియానికీ దానికి సంబంధించిన వాడకాలకూ అనుమతి ఇచ్చిందే గాని, మాల్‌కు ఇవ్వలేదన్నది. యాభై ఏళ్ళు తారు వేసి కార్లు నిలిపినంత మాత్రాన ఆ భూమి పార్కు కాకుండా పోలేదు. మాల్ ఆగిపోయింది.

ఆ తరువాత మెట్స్ యజమాని స్టీవ్ కోహెన్, హార్డ్ రాక్ సంస్థతో కలిసి, అదే పార్కింగ్ స్థలంలో 800 కోట్ల డాలర్లతో జూదశాల, హోటలు, సంగీతశాల కడతామని ముందుకు వచ్చాడు. 25 ఎకరాల పచ్చని ఆవరణ ఇస్తామని, వేల ఉద్యోగాలు వస్తాయని హామీ. కట్టడపు పనివారి యూనియన్లు సమర్థించాయి. పేటలో జూదం వ్యసనం పెరుగుతుందని, పార్కు భూమిని ఇందుకు వాడరాదని ఇంకొందరు వ్యతిరేకించారు. 2017 తీర్పు ఉన్నది గనుక ఈసారి చట్టసభకు వెళ్ళక తప్పలేదు. ఆ ప్రాంతపు సెనేటర్ జెసికా రామోస్ బిల్లు పెట్టనని 2024లో చెప్పేసింది. పక్క నియోజకవర్గపు సెనేటర్ జాన్ ల్యూ పెట్టాడు. 2025లో ఉభయ సభలూ ఆమోదించాయి. డిసెంబరులో రాష్ట్ర జూదాల కమిషన్ లైసెన్సు ఇచ్చింది.

తారు వేసిన బంజరు కంటె ఏదో ఒకటి రావడమే మేలు గదా అని మనలోనూ కొందరు అనవచ్చు. ఆ మాటలో కొంత న్యాయం ఉంది. కాని ఈ నేల చరిత్ర చూస్తే, దాన్ని బంజరు చేసినవారు ఒకరు, బంజరు గదా అని అడిగేవారు ఇంకొకరు. బూడిద పోసిన తరువాత, ఇక్కడ బూడిదే గదా ఉన్నది అన్నారు. తారు వేసిన తరువాత, తారే గదా అన్నారు. ఒక ఎకరం పార్కు పోతే దాని బదులు మరో ఎకరం ఎక్కడ ఇస్తారు, ఎప్పుడిస్తారు, ఏడో నంబరు రైలు దిగి నడిచి వచ్చే కుటుంబానికి అది అందుతుందా అన్న ప్రశ్నలు ప్రతిసారీ వేయవలసిందే. మాల్ ఆగినా, సాకర్ స్టేడియం పార్కు బయటికి జరిగినా, అలా అడిగేవారు ఉండబట్టే.

ఈ చోట మన పాఠకులకు ఒక మనవి. స్థలాల వాడకం మార్చే ప్రతి పెద్ద ప్రతిపాదన కమ్యూనిటీ బోర్డు ముందుకు, బరో అధ్యక్షుడి ముందుకు, ప్లానింగ్ కమిషన్ ముందుకు, నగర కౌన్సిల్ ముందుకు బహిరంగ విచారణకు వస్తుంది. అక్కడ లేచి రెండు నిముషాలు మాట్లాడడానికి పౌరసత్వం ఉండాలన్న నియమం లేదు. గ్రీన్ కార్డు మీద ఉన్నవారూ, వీసా మీద ఉన్నవారూ మాట్లాడవచ్చు. ఉగాదికి హాలు దొరకలేదంటే పది ఫోన్లు చేసే మనం, పిల్లలు ఆడుకునే మైదానం గురించి విచారణ జరుగుతుంటే ఒక సాయంత్రం వెళ్ళలేమా? ఈ ఊళ్ళో మనం చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళం కాము. ఇళ్ళు కొన్నాం, పన్నులు కడుతున్నాం, గుడి కట్టుకున్నాం. పార్కు కూడా మనదే అనుకుంటే దాని మంచిచెడ్డలు మనవే అవుతాయి.

పార్కు చూడదలచినవారు ఏడో నంబరు రైలులో మెట్స్-విల్లెట్స్ పాయింట్ స్టేషనులో దిగితే, ఒకపక్క సిటీ ఫీల్డ్, మరొకపక్క టెన్నిస్ కేంద్రానికీ యూనిస్ఫియర్‌కూ వెళ్ళే నడకదారి కనిపిస్తాయి. పిల్లలకు మరొక వింత చూపించండి. 1938లో వెస్టింగ్‌హౌస్ కంపెనీవారు ఆనాటి వస్తువులూ, పుస్తకాల ఫిల్ములూ ఒక లోహపు గొట్టంలో పెట్టి అక్కడ 50 అడుగుల లోతున పాతిపెట్టారు. 1965లో రెండవది పాతారు. పైన రాతి గుర్తు ఉంది. వాటిని తెరవవలసిన సంవత్సరం 6939. అప్పటిదాకా ఆ నేలను ఎవరూ అమ్మరాదనే పాతిపెట్టినవారి నమ్మకం కావచ్చు.